అమరావతి పటములు – ప్రామాణ్యవిచారము

అమరావతీస్తూప మనినంతనే మన విద్యార్థుల కన్నులకు గట్టు రూప మొకటి కలదు. గుండ్రని యండము, దాని చుట్టును ప్రాకారము, ద్వారముకడ వరుసగా నైదు స్తంభములు, మీద నిరుప్రక్కల వ్రాలుచున్న దేవతలు. పాఠ్యగ్రంథములందును, యాత్రికులకై యచ్చువేయు పత్రములందును తఱచుగా అమరావతీస్తూప మను పేరుతో కనబడునది యీ రూపమే. కాని యిది స్తూపముయొక్క చిత్రము కాదు. స్తూపపు వేదికకు పొదిగిన యొక సున్నపుఱాతి ఫలకముమీద ప్రాచీనశిల్పి చెక్కిన స్తూపాకృతికి తీసిన ఛాయాచిత్రము. అనగా ప్రతిబింబమునకు ప్రతిబింబము. ఆ ఫలక మిప్పుడు లండను నగరమున బ్రిటిషు మ్యూజియమునం దున్నది. స్తూపము పూర్ణముగా నిలిచియుండగా దానిని కన్నులార జూచి పటము వ్రాసిన యాధునికు డొక్కడును లేడు. ఈ చిన్న సంగతి తెలియక, ఆ ఫలకమందలి ద్వారపు టెత్తును, స్తంభముల పొడవును, జనుల యాకారములతో పోల్చి స్తూపపరిమాణమును గణించుటకు పూనుకొన్నవారిని నేనెఱుగుదును. శిల్పి భక్తుడు గాని స్థపతి లెక్కవ్రాతగాడు కాడు. అతడు చెక్కినది స్తూపమహిమను, కొలతలను గాదు.

అమరావతినిగూర్చి మనకు గల ముఖ్యమైన దృశ్యసాక్ష్యము రెండు తెగలది. 1816వ సంవత్సరమున కర్నలు కాలిన్ మెకంజీ పరివారమువారు వ్రాసిన పటములు మొదటివి. 1858లో మదరాసునందు లినేయస్ ట్రైప్ తీసిన ఛాయాచిత్రములు రెండవవి. ఇవిగాక, ఆ మెకంజీనే పరివారసహితముగా చిత్రించిన తైలవర్ణపట మొకటి కలదు. ఈ మూటిని మన పరిశోధకులు వాడుకొను తీరు సంతృప్తికరముగా లేదని చెప్పుటకే యీ వ్యాసము. తాళపత్రప్రతి యొకటి చేత జిక్కినప్పుడు పండితు డేమి చేయును? వ్రాసినవాడెవడు, ఎప్పుడు వ్రాసెను, ఏ మాతృకను జూచి వ్రాసెను, ఎచ్చట తప్పెను, ఎచ్చట దిద్దెను అని విచారించిన పిదపగాని యందలి పాఠమును గ్రహింపడు. ప్రతివిషయమున నింత జాగరూకత గల మనము పటమును చూచునప్పు డీ ప్రశ్నల నన్నిటిని మఱచుచున్నాము. పటము ప్రత్యక్షమనియు, గ్రంథము శబ్దమనియు మన యూహ కాబోలు. పటమును ఒకరు చేసిన ప్రతియే.

ఈ విచారమునకు దూరదేశపు దృష్టాంత మొకటి మిక్కిలి తోడ్పడును. అమెరికా సంయుక్తరాష్ట్రములవారు 1803లో ఫ్రాన్సువారికడనుండి లూసియానా యను మహాభూభాగమును కొనిరి. ఆ సీమను, దాని కావలి పడమటి దేశమును పరిశీలించి రమ్మని అధ్యక్షుడు జెఫర్సను పంపిన దండు, లూయిస్, క్లార్కు లను నిరువురు నాయకులక్రింద 1804 మే మాసమున మిసూరీనదివెంట బయలుదేరి, పసిఫిక్ సముద్రతీరమును ముట్టి, 1806 సెప్టెంబరున సెయింట్ లూయీ పట్టణమునకు మరలివచ్చెను. ఆ కాలముననే యిచ్చట, 1799లో టిప్పూసుల్తాను హతుడైన పిమ్మట, మైసూరు దేశమును కొలుచుటకు మెకంజీ నియుక్తుడయ్యెను. రెండును క్రొత్తగా చేజిక్కిన భూమిని తెలిసికొనుటకు ప్రభుత్వములు పంపిన యాత్రలే. రెంటను భూపటములు, దినచర్యలు, స్థలవృత్తాంతములు, జనుల యాచారవిచారములు సంగ్రహింపబడినవి. అయిన నొక భేదము కలదు. లూయిస్, క్లార్కుల వెంట చిత్రకారుడు లేడు.

వారి దినచర్యాగ్రంథములందు చేప, పక్షి, ఆకు, పడవ మొదలగువాని చిన్నగీతలు కలవు. అంతకు మించిన చిత్రము లేదు. 1805 జూను 13వ తేదిని మిసూరీనదీ మహాజలపాతమును జూచి లూయిస్ దానిని మాటలతో వర్ణించి, తన వర్ణనకు తానే రోసి, కెమేరా ఆబ్‌స్క్యూరా యను చీకటిపెట్టెను వెంట తెచ్చుకొననైతినిగదా యని దినచర్యలో చింతించెను. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియగుటకు మఱి ముప్పదినాలుగేండ్లు గడువవలసియుండెను. ఆ చీకటిపెట్టె వెలుతురుచే పడిన నీడను కాగితముపై చేతితో గీచుకొనుటకు మాత్రమే పనికివచ్చునది.

మఱి నేడా యాత్రనుగూర్చి యమెరికా వారికి కనబడుచున్న చిత్రములన్నియు నెక్కడివి? పెక్కు లొక శతాబ్దము తరువాతివి. మోంటానా రాష్ట్రపు శాసనసభామందిరమున 1912లో చార్లెస్ రస్సెల్ వ్రాసిన పెద్దపటము లూయిస్, క్లార్కులు సేలిష్ జాతివారిని కలిసికొన్న సన్నివేశమును చూపును. అందొక విశేషము మెచ్చదగినది: పటమునకు ముందుభాగమంతయు గుఱ్ఱములెక్కి పరువెత్తుచున్న యాదిమజాతివారే, యాత్రానాయకు లొక మూల చిన్నరూపములుగా నిలిచియున్నారు. చిత్రకారుని హృదయ మెచ్చట నున్నదో చెప్పనక్కఱలేదు. ఇది గొప్ప కావ్యము. అయినను 1805 నాటి గుఱ్ఱపుజీనును, తలపాగను తెలిసికొనగోరువానికిది సాక్ష్యము కానేరదు. ఆ యాత్రలో దుబాసీగా నడచిన సకాజవీయా యను షోషోనీ వనిత ముఖ మెట్లుండెనో యెవ్వరును చూచి వ్రాయలేదు. అయినను ఆమెకు నిలిపిన విగ్రహములకు లెక్కలేదు. 2000వ సంవత్సరమున ముద్రించిన డాలరు నాణెముపైనున్న మొగముసైతము ఆ కాలపు విద్యార్థిని యొకతెను కూర్చుండబెట్టి తీర్చినదే.

దీనికి ప్రతియుదాహరణము కార్ల్ బోడ్మర్. అతడు జర్మనుదేశపు మాక్సిమిలియన్ రాకుమారునివెంట, లూయిస్, క్లార్కులు పోయిన మిసూరీమార్గముననే పోయి, 1833–34 శీతకాలమున మాండన్ జాతివారి గ్రామములకడ నిలిచి, వారి నెదుట కూర్చుండబెట్టుకొని చిత్రించెను. నాలుగేండ్లు తిరుగకమున్నే, 1837లో మశూచి సోకి మాండనులు దాదాపు నిశ్శేషముగా నశించిరి. బోడ్మర్ పటముల విలువ నాటితో మాఱిపోయెను. అంతవఱకవి చక్కనిపటములు, ఆ మీద అవి మాతృక నశించిన ప్రతులు. మాతృక యున్నంతకాలము ప్రతికి గల విలువ వేఱు, మాతృక పోయిన పిదప ప్రతికి గల విలువ వేఱు అన్నమాట మనకు క్రొత్త గాదు. అమరావతి సంగతి యిట్టిదే.

అమరావతిదిబ్బను ఆ గ్రామస్థులు దీపాలదిన్నె యనుచుండిరి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1796 ప్రాంతమున చింతపల్లిని వదలి యమరేశ్వరుని సన్నిధిని క్రొత్త పట్టణమును గట్ట మొదలిడినప్పుడు, ఇండ్లకును గుళ్లకును కావలసిన ఱాళ్లకై యా దిబ్బను త్రవ్వించిరి. చెక్కడపుఱాళ్లు బయటపడిన వార్త విని మెకంజీ 1798లో వచ్చి చూచెను. అపుడాయన చూచినది కొంచెము, నిలువ వీలులేకపోయెను. మరల పదునెనిమిదేండ్లకు, సర్వేయర్ జనరలు పదవిలోనుండి, 1816లో లేఖకులతో వచ్చి యచ్చట దీర్ఘకాలము పని చేయించెను. అప్పటికి దిబ్బనడుమ కోనేటికై త్రవ్వివైచిరి. స్తూపపు గర్భ మదృశ్యమైనది. ఱాళ్లు కొన్ని మెట్లకును, కొన్ని గోడలకును పోయినవి. సున్నముగా కాలినవెన్నియో యెవ్వరు చెప్పగలరు? వేంకటాద్రినాయుడుగారిని దూషించుట నా యుద్దేశము గాదు. ఆ చెక్కడములు బౌద్ధములని యానాటి పండితులెవ్వరు నెఱుగరు. మెకంజీయే వానిని జైనములనుకొనెను.

ఆ యజ్ఞానమే మన భాగ్యమయ్యెనని నేననుచున్నాను. కొంచెము వివరించెదను.

ఆ పటములు లండనునందలి బ్రిటిషు లైబ్రరీలో నొక సంపుటముగా నున్నవి. దిబ్బయొక్కయు, పరిసరములయొక్కయు భూపటములు, చెక్కడపు ఫలకముల రూపములు కలిసి ఎనుబదికి పైబడిన పత్రములు. హామిల్టన్, న్యూమన్, ఆండర్సన్ మొదలగు లేఖకులు తఱచుగా పటము క్రింద తమ పేరును, తేదిని వ్రాసిరి. వీరు భూమాపనశాఖలో శిక్షణ పొందినవారు. కొండను, వాగును, కోటగోడను కొలిచి గీయుట వారి నిత్యకృత్యము. శిల్పమును వారు కొండను గీచినట్లే గీచిరి. ఒక సింహాసన మున్నది, దానిపై నెవ్వరును లేరు, దిగువ పాదముల గుర్తులు రెండున్నవి, చుట్టును జనులు చేతులు జోడించియున్నారు. మఱియొకచోట మంటలు వెడలుచున్న కంబము, తుదను త్రిశూలమువంటి గుఱుతు. వేఱొకచోట చక్రము. వీని యర్థమేమో లేఖకు డెఱుగడు. ఎఱిగియుండినయెడల శూన్యసింహాసనమున బుద్ధుని కూర్చుండబెట్టుటకో, కంబమును దీపస్తంభముగా దిద్దుటకో చేయి తొందరపడెడిది. ఎఱుగడు గనుక నున్నదున్నట్లు దింపెను. పాఠపరిష్కర్తలకిది చిరపరిచితమైన ధర్మము: భాష తెలియని లేఖకుడు వర్ణములను తప్పును గాని పదములను మార్చడు, పండితుడగు లేఖకుడు వర్ణములను తప్పడు గాని పద్యమునే తిరుగవ్రాయును. శాసనాక్షరముల విషయమున నిది మఱియు స్పష్టము. బ్రాహ్మీలిపిని ప్రిన్సెప్ చదివినది 1837లో. అంతకు ఇరువదియేండ్లకు పైగా ముందే మెకంజీవారి లేఖకు లా యక్షరములను కేవల రేఖలుగా నెత్తి వ్రాసిరి. వంకరలున్నవి, కల్పనము లేదు.

రెండవ గుణము కొలత. సర్వేశాఖవారు గనుక పటమునకు మానము చూపుట వారి వాడుక. దిబ్బపటమున శిలలు దొరకిన చోటులను గుర్తించిరి. ఈ యొక్క పని తరువాత వచ్చిన పెక్కురు పండితులు చేయనిది. 1880లో మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు ఆజ్ఞచే దిబ్బనంతయు త్రవ్వివేయగా, 1881 చివర వచ్చిన జేమ్స్ బర్జెస్ చూచినదొక పెద్దగొయ్యి. నేడు అమరావతిలో నే ఫలక మెచ్చట నిలిచెనను ప్రశ్నకు సమాధానము వెదకువారందఱును మరల 1816 నాటి భూపటమునకే పోవలసివచ్చుచున్నది. శిల్పమును మాత్రమే చూచువాడు దాని నిలుకడను చూడడు. సర్వేయరు నిలుకడను ముందు చూచును.

దోషములు లేవా? కలవు. ముఖముల తీర్పున లేఖకుల చేతికి పాశ్చాత్యపు వాసన విడువలేదు. అమరావతి శిల్పమున పెదవి యొత్తు, కన్నుల దీర్ఘత, నడుము వంపు చెక్కడపు లోతుచే తెలియవలసినవి. వీరు వానిని నీడలు కమ్మి చదునుచేసిరి. గుంపులలోని వెనుకవరుస జనులు పటమున కొన్నిచోట్ల పలుచబడినట్లు తోచును. ఫలకమును దాని ప్రక్కఫలకముతో కలిపి చూపిన సందర్భములు తక్కువ. కథ రెండు ఫలకములకు వ్యాపించినచోట తెగిపోవును. అయిన నివన్నియు నుపయోగించువాడు సులభముగా సవరించుకొనదగిన దోషములు. మాతృక యిప్పటికిని మిగిలియున్న ఫలకములు లండనునందును, చెన్నపట్టణమునందును కలవు. వానితో నాయా లేఖకుని పటమును సరిపోల్చి, ఇతడు ముఖమున తప్పును, ఆభరణమున తప్పడు. అతడు సంఖ్యను తప్పును, భంగిమను తప్పడు అని నిర్ణయించుకొనిన, మాతృక నశించిన పటములందు ఏది నమ్మదగినదో యేది కాదో తెలియగలదు. ప్రతులకు మనము చేయుచున్న పని యిదియేగదా. లేఖకుని పేరుతోడి పటము లున్నప్పు డీ పని మఱియు సులువు.

ఇంక ఛాయాచిత్రములు. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతిలో త్రవ్వించి తీసిన ఫలకములు మదరాసునకు చేరి, ఎండకు వానకు నాని, తుదకు మ్యూజియమున చోటు పొందినవి. అవి 1859లో లండనుకు పోవుటకు ముందు, మదరాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడైన ట్రైప్ 1858లో వానిని గాజుపలకలపై పట్టెను. ఈయనకడ పనిచేసి యీ విద్యను నేర్చిన అయ్యాస్వామి యను దేశీయుని పేరు చెప్పకపోవుట న్యాయము కాదు. ఆ ఫలకములు లండనులో పడిన పాట్లు వేఱు. 1867లో ఫెర్గూసను వానిని ఒక గుఱ్ఱపుబండ్ల సాలలో కనుగొనవలసివచ్చెను.

ట్రైప్ చిత్రములు మనోహరములు. ఫలకపు పెచ్చు, బీట, రంధ్రము అన్నియు కనబడును. 1816 నాటి పటములందు మృగ్యమైన చెక్కడపు లోతు వీనియందు ప్రత్యక్షము. అందుచేతనే మన రచయితలు పటములను వదలి వీనినే పట్టుకొనిరి. కాని ఛాయాచిత్రము చెదలు తిన్న తాళపత్రమునకు యథాతథప్రతి వంటిది: మిగిలినదానిని మిక్కిలి నిజముగా చూపును, పోయినదానినిగూర్చి నోరు మెదపదు. ట్రైప్ ముందఱ నిలిచినవి స్తూపమునుండి నూఱామడలు కదలింపబడి, ముక్కలై, ఒకదానిప్రక్క నొకటి మ్యూజియమువారి యనుకూలతనుబట్టి పేర్చబడిన ఱాళ్లు. రెండు ముక్కలొకే చిత్రమున కలిసి యుండుటచే నవి స్తూపముపైనను కలిసియే యుండెనని భ్రమపడుటకు వీలు కలదు. వెలుతురు ఏ ప్రక్కనుండి పడిన నా ప్రక్క రేఖలే పలుకును. తక్కినవి చీకటిలో మునుగును.

ఛాయాచిత్రము కేవలయాంత్రికము, మానవహస్తమునకు లోబడదు అను నమ్మకమును గూడ కొంచెము సడలింపవలెను. ట్రైప్ మహాశయుడే 1855 నాటి బర్మా చిత్రములకు కాగితపు మాతృకలపై చేతితో రంగుపూసి యాకాశమున మేఘములను తేల్చెను. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ ఆదిమజాతుల నిరువది సంపుటములుగా ఛాయాచిత్రములతో ప్రకటించిన మహానుభావుడు; 1910లో నొక పీగన్ గుడారములో కూర్చున్న తండ్రికొడుకులను పట్టినప్పుడు వారినడుమ నొక గడియారముండెను. ప్రకటించిన చిత్రమున గడియారము లేదు. పూర్వాచారమునకు మైలయని చెఱిపివేసెను. మాతృకాఫలకము మిగిలియుండుటచే నీ రహస్యము తెలిసినది. గడియారమును దాచుకొన్న యా తండ్రికొడుకులే నిజమైన చరిత్ర. గడియారము లేనివారు కర్టిస్ కావ్యమందలి పాత్రలు. అమరావతి ఛాయాచిత్రములందిట్టి చెఱపులు కలవని నేననుట లేదు. చెఱపుటకు వీలున్నది గనుక పరీక్షింపవలెను అనుచున్నాను.

పండితలేఖకుని దోషమునకు మన విషయమున తగిన ఉదాహరణము ఫెర్గూసను గ్రంథము. 1868లో వెలువడిన యా మహాసంపుటము అమరావతిశిల్పమును లోకమునకు పరిచయము చేసినది. మెకంజీ పటములను, ఛాయాచిత్రములను రెంటిని చేర్చినది. అందులకు మనము కృతజ్ఞులము. కాని గ్రంథనామమే వృక్షపూజ, సర్పపూజ! చెట్టును పామును గల ఫలకములు సిద్ధాంతమునకు స్తంభములైనవి. సామాన్యపు ఫలకములు, దాతలు, గుఱ్ఱములు, పూలదండ మోయు మఱుగుజ్జులు వెనుకబడినవి. పటములు మాఱలేదు, వాని క్రమము మాఱినది. ఇది తిరుగవ్రాయుటకంటె సూక్ష్మమైన పరిష్కరణము. 1942లో శివరామమూర్తిగారు మదరాసు మ్యూజియమందలి యమరావతి శిల్పములపై వ్రాసిన గ్రంథమున శిల్పమునకు దగిన క్రమము మన దేశీయపండితుని చేతనే తిరిగి యేర్పడినది. వస్త్రములు, ఆభరణములు, వాద్యములు, గృహోపకరణములు వీనిని సంస్కృతవాఙ్మయముతో సరిచూచిన రీతి మనవారికి నిత్యాదర్శము.

తైలవర్ణపటమునుగూర్చి కొంచెము చెప్పవలెను. థామస్ హికీ 1816లో వ్రాసినది. అమరావతి పటములు నా సంవత్సరమువే. ఎఱ్ఱని సైనికకంచుకముతో మెకంజీ నడుమ నిలిచియున్నాడు. చుట్టును మువ్వురు దేశీయులు: దూరదర్శని పట్టిన బంట్రోతు, తాటాకుల గ్రంథము పట్టిన జైనపండితుడు, మఱియొక బ్రాహ్మణుడు. ఈ బ్రాహ్మణుడు ఏలూరివారైన కావలి సోదరులలో లక్ష్మయ్యగారనియు, జైనపండితుడు ధర్మయ్య యనియు పట్టికలు వ్రాసినవారు గుర్తింతురు. వెనుక దూరమున గోమటేశ్వరవిగ్రహము. కూర్పు మిక్కిలి నేర్పుతో కూడినదే. కాని యిది శిబిరమున జూచి వ్రాసినది కాదు. చిత్రకారుని గదిలో కుదిర్చినది. యాత్రయంతయు నొక్క పురుషుని ప్రభామండలముగా నమర్పబడినది. రస్సెల్ నాయకులను మూలకు నెట్టి దేశీయులను ముందుంచెను. హికీ దేశీయులను నాయకుని పరికరములుగా నిలిపెను. గుడ్డకు వెల యిచ్చినవాడెవడో, ఎవరి గోడకై వ్రాయబడెనో తెలిసినచో నీ భేదమున కాశ్చర్యపడ నక్కఱలేదు.

ఈ పటమును మన గ్రంథములందు మెకంజీపటమని మాత్రమే యచ్చువేయుట నాకు కష్టముగానున్నది. నేనెఱిగినంతలో లక్ష్మయ్యగారి ముఖము మనకు మిగిలియున్న దిందు మాత్రమే. అన్నగారైన బొఱ్ఱయ్యగారు శాసనములు సేకరించుటలో మెకంజీకి కుడిభుజమై, 1803లోనే గతించిరి. ఆయనకు పటము లేదు. తమ్ముడు రామస్వామిగారు దక్షిణదేశకవుల చరిత్రమును 1829లో నింగ్లీషున ప్రకటించిరి. లక్ష్మయ్యగారు మెకంజీ మరణానంతరము ఆ సేకరణము కొనసాగించుటకు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సాహాయ్యము కోరగా, 1836లో ప్రిన్సెప్ ఆయన యట్టి పనికి సమర్థుడు కాడని యభిప్రాయమిచ్చెను. తాటాకులను, కైఫీయతులను నూరూర తిరిగి కూర్చినవారు పటమున నొక వెనుకవరుసకును, పరిషత్తున నొక నిరాకరణమునకును పాత్రులైరి. హికీ పటము చరిత్రకు సాక్ష్యమగునెడల, గోమటేశ్వరునికి గాదు, దూరదర్శనికి గాదు, ఈ వరుసక్రమమునకే సాక్ష్యము. ఆ దృష్టితో చూచినప్పుడిది మిక్కిలి నిజమైన పటము.

ఇంతవఱకు చెప్పినదానినుండి వాడుకలో మార్పు రావలసిన విషయ మొకటి. అమరావతి చిత్రమును ప్రకటించు ప్రతివాడును, ఉపాధ్యాయుడు తన తరగతిగోడకు తగిలించు నప్పుడైనను సరే, దానిక్రింద నాలుగు సంగతులు వ్రాయవలెను: పటము ఎవరిది, ఏ యేటిది, శిల యిప్పు డెచ్చటనున్నది, స్తూపమున నది యెచ్చట నిలిచెను. నాలుగవది తెలియనిచోట తెలియదనియే వ్రాయవలెను. లండను ఫలకమును స్తూపమని చూపుచున్నంతకాలము మన బాలురకు శిల్పమును శిల్పముగా చూచుట యలవడదు.

ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు ప్రాంతమున నేనుండు నెమలిగ్రామమునుండి జగ్గయ్యపేట యొకపూట ప్రయాణము. అదియు వాసిరెడ్డివారు తండ్రిపేర గట్టిన పేటయే, పూర్వనామము బేతవోలు. ఆ యూరిచెంత ధనబోడను గుట్టమీద నమరావతికంటె ప్రాచీనమైన శైలిగల ఫలకములతో నొక స్తూపముండెను. జనులు ఱాళ్లకై దానిని త్రవ్వుకొనిపోవుచుండగా 1882లో బర్జెస్ వచ్చి మిగిలినదానిని పరీక్షించి, 1887లో నమరావతితోపాటు ప్రకటించెను. మాంధాతృచక్రవర్తి పిడికిలి యెత్తగా నాకాశమునుండి నాణెములు కురియు ప్రసిద్ధఫలక మచ్చటిదే. చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. మెకంజీ లేఖకులవలె విధ్వంసమునకు ముందు దానిని కొలిచి గీచిన హామిల్టనుగాని న్యూమనుగాని ధనబోడునకు లేకపోయెను. బర్జెస్ చూచినది శేషము. శేషమునుబట్టి పోయినది యెంతయో లెక్కింప వీలులేదు.

అయిన నచ్చట మఱియొక సాక్షి కలదు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదవ యేట చెక్కిన స్తంభశాసనమది. కమ్మకరట్ఠమందలి నడతూరు గ్రామపు శిల్పి నాకచందుని కొడుకు, శిల్పియగు సిద్ధార్థుడు, తన తల్లిని, భార్యను, బిడ్డలను, బంధువులను పేర్కొని, వేలగిరియందు మహాచైత్యపు తూర్పుద్వారమున నైదు ఆయకస్తంభములను నిలిపితినని వ్రాయించెను. పేరు, ఊరు, ఏడు, నిలిపిన చోటు.